ఎన్ని మైక్రోటెస్లాలు? ఎంత దూరంలో?

ఇంటి పక్క టవర్ లైన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, వంటింటి సామాన్ల నుంచి వచ్చే అయస్కాంత క్షేత్రాల గురించి టీవీల్లో, వాట్సాప్‌లో వస్తున్న హెచ్చరికలు చూసి చాలామంది పాఠకులు రాశారు. ఒకే రకమైన ప్రశ్నలను కలిపి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా ఇంటికి 60 మీటర్ల దూరంలో 220 కేవీ (కిలోవోల్టుల) టవర్ లైన్ పోతోంది. ఇలాంటి లైన్ల పక్కన పెరిగే పిల్లలకు రక్త క్యాన్సర్ రెట్టింపు వస్తుందనీ, ప్రపంచ ఆరోగ్య సంస్థే ఆ మాట అన్నదనీ టీవీలో చెప్పారు. మాకు ఐదేళ్ల బాబు, రెండేళ్ల పాప. ఇల్లు అమ్మేయమంటారా?
– ఒక తల్లి, బోడుప్పల్

జవాబు: వద్దమ్మా. మీరు రాసిన దూరానికి ఇల్లు అమ్ముకోవాల్సిన కారణం ఏదీ కనిపించడం లేదు. అయితే టీవీలో చెప్పింది పూర్తిగా కల్పితం కూడా కాదు. ఉన్న విషయంలో భయపెట్టే సగాన్ని చెప్పి మిగతాది వదిలేశారు.

ఈ కథ 1979లో అమెరికాలోని డెన్వర్ నగరంలో మొదలైంది. నాన్సీ వర్ట్‌హైమర్, ఎడ్ లీపర్ అనే ఇద్దరు పరిశోధకులు క్యాన్సర్‌తో చనిపోయిన పిల్లల ఇళ్ల బయట కరెంటు తీగలు ఎలా ఉన్నాయో పరిశీలించారు. ఇళ్లలోపల క్షేత్రాన్ని కొలవలేదు. తీగల లావు, ఇంటికి వాటి దూరం చూసి ఎక్కువ కరెంటు పారే ఇళ్లు, తక్కువ పారే ఇళ్లు అని విడదీశారు. మొదటి రకం ఇళ్లలో జబ్బు ఎక్కువ కనిపించింది. తర్వాత స్వీడన్‌లో 220, 400 కేవీ లైన్లకు 300 మీటర్లలోపు నివసించినవారి రికార్డులన్నీ తీసి, ఆయా సంవత్సరాల్లో లైన్లలో పారిన కరెంటును బట్టి క్షేత్రాన్ని లెక్కగట్టారు. 1993లో వెలువడిన ఆ అధ్యయనం కూడా పిల్లల లుకేమియాకూ (రక్త క్యాన్సర్) క్షేత్రానికీ కొంత సంబంధం ఉన్నట్టు చూపింది. కానీ అందులో లుకేమియా వచ్చిన పిల్లలు మొత్తం 39 మందే.

అంకెలు మరీ చిన్నవి కావడంతో 2000లో తొమ్మిది అధ్యయనాల సమాచారాన్ని ఒకచోట చేర్చారు. లుకేమియా వచ్చిన పిల్లలు 3,247 మంది తేలారు. సగటు క్షేత్రం 0.4 మైక్రోటెస్లా (అయస్కాంత క్షేత్ర బలాన్ని కొలిచే ప్రమాణం) కంటే తక్కువున్న ఇళ్లలో, అంటే నూటికి 99కి పైగా పిల్లల విషయంలో, జబ్బు పెరిగిన జాడ లేదు. అంతకు మించిన ఇళ్లలో మాత్రం సుమారు రెట్టింపు కనిపించింది. ఆ ఇళ్లలోని రోగుల సంఖ్య 44. మీరు విన్న ‘రెట్టింపు’ ఇక్కడిదే. దాన్ని బట్టే ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ క్షేత్రాలను 2బి వర్గంలో పెట్టింది. అది ‘క్యాన్సర్ కలిగించే అవకాశాన్ని కొట్టిపారేయలేం’ అనే వర్గం. కలబంద ఆకు మొత్తం నుంచి తీసిన సారం కూడా అదే వర్గంలో ఉంది. సాక్ష్యం ఎంత గట్టిదో ఈ వర్గాలు చెబుతాయి, ప్రమాదం ఎంత పెద్దదో చెప్పవు. జంతువులపై చేసిన ప్రయోగాలు ఈ అనుమానాన్ని బలపరచలేదు. ఇంత తక్కువ క్షేత్రం కణంలో ఏ మార్పు తేగలదో చూపే మార్గమూ దొరకలేదు.

రెట్టింపు అంటే ఎంతకు రెట్టింపు? పాశ్చాత్య దేశాల్లో 15 ఏళ్లలోపు పిల్లలు లక్షమంది ఉంటే ఏడాదికి నలుగురైదుగురికి లుకేమియా వస్తుంది. ఆ సంబంధం నిజమే అనుకున్నా, 0.4 దాటిన కొద్ది ఇళ్లలో అది లక్షకు ఎనిమిది, పది అవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో కట్టిన లెక్క కూడా ఇలాంటిదే. సంబంధం నిజమైతే ప్రపంచంలోని పిల్లల లుకేమియా కేసుల్లో 0.2 నుంచి 4.95 శాతం దీనివల్ల కావచ్చు అంది. దీన్నే కారణమని తేల్చేంత బలం సాక్ష్యానికి లేదని కూడా ఆ నివేదికలోనే రాసింది. టీవీలో ఆ వాక్యం వినిపించదు.

బ్రిటన్‌లో జరిగింది ఇంకా ఆలోచింపజేస్తుంది. 2005లో ఇంగ్లండ్, వేల్స్ పిల్లల మీద వచ్చిన ఒక పెద్ద అధ్యయనం, హైటెన్షన్ లైన్లకు 200 మీటర్లలోపు పుట్టిన పిల్లల్లోనే కాక 200 నుంచి 600 మీటర్ల మధ్య పుట్టినవారిలో కూడా లుకేమియా కొంచెం ఎక్కువని చెప్పింది. అంత దూరంలో లైన్ క్షేత్రం ఇంట్లోని మామూలు వైరింగ్ క్షేత్రం కంటే తక్కువ. అంటే కారణం వేరే ఏదో ఉండాలి. అదే బృందం మరింత సమాచారంతో 2014లో మళ్లీ చూస్తే, ఆ తేడా 1960లు, 70లలో ఎక్కువగా ఉండి తర్వాతి దశాబ్దాల్లో కనబడకుండా పోయింది. లైన్లు మాత్రం అక్కడే ఉన్నాయి. క్షేత్రమే కారణమైతే జబ్బు అలా తగ్గిపోదు. లైన్ల పక్కన ఎవరు నివసిస్తున్నారన్నది కాలంతో మారి ఉండాలి.

ఇక మీ ఇంటి సంగతి. పెద్ద లైన్ సరిగ్గా కింద నిలబడితే క్షేత్రం కొన్ని మైక్రోటెస్లాలు ఉంటుంది, ఎక్కువ కరెంటు మోసే లైన్ల కింద 20 దాకా వెళ్లవచ్చు. అయితే మూడు ఫేజుల ప్రభావం ఒకదాన్నొకటి చాలావరకు కొట్టేసుకుంటుంది కనుక దూరం రెట్టింపైతే క్షేత్రం నాలుగో వంతుకు పడిపోతుంది. 220 కేవీ లైన్‌కు 60 మీటర్ల అవతల, లోడును బట్టి, 0.1 లేదా 0.2 మైక్రోటెస్లా స్థాయిలో ఉండవచ్చు. ఇంకా సందేహం పీడిస్తుంటే పిల్లలు పడుకునే చోట 24 గంటలు రికార్డు చేసే మీటర్‌తో కొలిపించండి. అధ్యయనాల్లోని 0.4 రోజంతటి సగటు. ఒక్క క్షణం 0.6 కనబడితే దానికి ఆ అర్థం రాదు.

ప్రశ్న: ఫోన్‌లో అయస్కాంత క్షేత్రం కొలిచే యాప్ వేశాను. హాల్లో 42 చూపిస్తోంది, మంచం దగ్గర 110. మీరేమో 0.4 అంటున్నారు! వందల రెట్లు ఎక్కువ కదా?
– ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, రాజమహేంద్రవరం

జవాబు: మీ ఫోన్ చూపించే 42 దాదాపుగా భూమి క్షేత్రమే. మన ప్రాంతంలో అది 40 మైక్రోటెస్లాల పైచిలుకు ఉంటుంది. హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) ప్రాంగణంలో దాన్ని దశాబ్దాలుగా కొలుస్తున్నారు. అది కదలని క్షేత్రం, దిక్సూచి ముల్లును తిప్పేది. కరెంటు తీగల క్షేత్రం సెకనుకు 50 సార్లు (50 హెర్ట్జ్) అటూ ఇటూ ఊగుతుంది. రెండింటినీ ఒకే అంకెలో కలిపి పోల్చకూడదు.

ఫోన్‌లోని సెన్సర్‌ను పెట్టింది దిక్సూచి కోసం. చాలా ఫోన్లలో అది సెకనుకు 100 సార్ల కంటే ఎక్కువ చదవదు. 50 హెర్ట్జ్ ఊగులాటను సరిగా పట్టుకోవడానికి అది చాలదు. మంచం దగ్గర 110 చూపడానికి కారణం పరుపులోని స్ప్రింగులో, ఇనుప మంచమో, పక్కనున్న బీరువానో అయి ఉంటుంది. ఇనుము భూమి క్షేత్రాన్ని తన చుట్టూ వంచుకుంటుంది. నమ్మకం కలగాలంటే మెయిన్ ఆపేసి మళ్లీ చూడండి, అంకె మారదు. అయస్కాంతం ఉన్న ఫోన్ కవర్ వేసి ఉంటే అసలు ఏ రీడింగూ పనికిరాదు.

నిజంగా కొలవాలంటే 50 హెర్ట్జ్ క్షేత్రానికి తయారైన మీటర్ కావాలి. మూడు దిశలనూ ఒకేసారి కొలిచేది అయితే మంచిది. ఒకే దిశ కొలిచే చవక మీటర్‌తో ఒకే చోట మూడు లంబ దిశల్లో తిప్పి మూడు రీడింగులు తీసుకుని, ఒక్కోదాన్ని వర్గం చేసి, కూడి, వర్గమూలం తీయాలి. కొన్ని మీటర్లు మిల్లీగాస్‌లో చూపిస్తాయి. 10 మిల్లీగాస్ ఒక మైక్రోటెస్లా. ఈ తేడా చూసుకోక పది రెట్లు భయపడ్డవాళ్లు ఉన్నారు. మీటర్‌ను గోడకు ఆనించకుండా దిండు ఉండే చోట, మనిషి ఛాతీ ఉండే ఎత్తులో పెట్టండి. ఒకసారి మధ్యాహ్నం, ఒకసారి ఏసీలన్నీ నడిచే రాత్రి తొమ్మిది, పది మధ్య చూడండి. తర్వాత మెయిన్ ఆపి మళ్లీ చూడండి. ఆపితే పడిపోయేది మీ ఇంటి వైరింగ్‌ది, ఆపినా నిలిచేది బయటిది.

ప్రశ్న: మా ఫ్లాట్‌లో ఒక పడకగది గోడ వెంబడి మీటర్ 1.5 చూపిస్తోంది. దగ్గర్లో లైన్ గానీ ట్రాన్స్‌ఫార్మర్ గానీ లేదు. గోడకు అల్యూమినియం రేకు కొట్టిస్తే ఆగుతుందా?
– అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి, విజయవాడ

జవాబు: రేకు కొట్టించకండి. అది విద్యుత్ క్షేత్రాన్ని ఆపుతుంది గానీ 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రం పల్చటి అల్యూమినియం గుండా దాదాపు అడ్డు లేకుండా పోతుంది. ముందు ఆ గోడకు అటువైపు ఏముందో చూడండి. మీటర్ల ప్యానెల్ గానీ, కింది నుంచి పై అంతస్తులకు పోయే మెయిన్ కేబుళ్లు గానీ ఉంటే మంచాన్ని ఒక మీటరున్నర జరిపితే చాలు.

అవి కూడా లేకపోతే వైరింగ్ తప్పును అనుమానించాలి. కారణం ఇదీ. ఒంటరి తీగలో ఒక ఆంపియర్ పారితే మీటరు దూరంలో 0.2 మైక్రోటెస్లా వస్తుంది. అదే 5 ఆంపియర్లయితే ఒక మైక్రోటెస్లా. ఫేజు, న్యూట్రల్ ఒకే పైపులో పక్కపక్కన పోతే ఒకదానిలో వెళ్లిన కరెంటు రెండోదానిలో తిరిగొస్తుంది కనుక రెండు క్షేత్రాలూ కొట్టేసుకుంటాయి. తీగల మధ్య ఐదు మిల్లీమీటర్ల ఎడం ఉంటే, అదే 5 ఆంపియర్లకు మీటరు దూరంలో మిగిలేది 0.005 మాత్రమే. ఫేజు ఒక దారిన వెళ్లి న్యూట్రల్ మరో దారిన తిరిగొస్తే ఆ మధ్య ఉన్న గదంతా ఒక పెద్ద చుట్టలో ఇరుక్కున్నట్టే.

ఇది మన ఇళ్లలో మూడు చోట్ల తరచుగా జరుగుతుంది. ఇన్వర్టర్ పెట్టినప్పుడు ఫేజు కొత్తగా లాగి, న్యూట్రల్‌ను పక్క సర్క్యూట్ నుంచి తీసుకోవడం మొదటిది. మెట్ల దగ్గర రెండు స్విచ్‌ల లైటుకు కింది అంతస్తు ఫేజు, పై అంతస్తు న్యూట్రల్ కలపడం రెండోది. ఏదో ప్లగ్ బాక్సులో న్యూట్రల్ ఎర్త్‌కు తగిలి, కరెంటులో కొంత ఎర్త్ వైరు, నీళ్ల పైపుల మీదుగా తిరిగిపోవడం మూడోది. మూడోదాన్ని నిర్లక్ష్యం చేయవద్దు. క్షేత్రం సంగతి అటుంచి, షాక్‌కూ మంటలకూ దారితీసేది అదే.

పట్టుకునే పద్ధతి సులువు. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో, మిల్లీఆంపియర్లు చదవగల క్లాంప్ మీటర్‌ను ఫ్లాట్‌కు వచ్చే ఫేజు, న్యూట్రల్ రెండింటి చుట్టూ కలిపి పట్టించండి. మూడు ఫేజులుంటే నాలుగు తీగలూ కలిపి. ఇంట్లో గీజర్, ఏసీ నడుస్తున్నా అది దాదాపు సున్నా చూపాలి. వందల మిల్లీఆంపియర్లు కనిపిస్తే కరెంటు వేరే దారిన పోతోందన్నమాట. ఒక్కో ఎంసీబీ (ఒక్కో సర్క్యూట్‌కు ఉండే బ్రేకర్ స్విచ్) ఆపుతూ వస్తే ఏ సర్క్యూట్‌దో దొరుకుతుంది. ప్రధాన తీగల దగ్గర సున్నా వచ్చి, బోర్డు నుంచి బయల్దేరే ఒక సర్క్యూట్ జత దగ్గర రాకపోతే లోపల న్యూట్రళ్లు కలిసిపోయాయని అర్థం. వాటిని విడదీసి, ఏ సర్క్యూట్ న్యూట్రల్ దానికే వేయించి, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించండి. పెట్టగానే అది పదేపదే ట్రిప్ అయితే ‘పరికరం పాడైంది’ అని తీసేయించకండి. వైరింగ్ తప్పు ఇంకా మిగిలుందని అది చెబుతోంది.

ప్రశ్న: మా కోడలికి ఐదో నెల. ఇండక్షన్ పొయ్యి దగ్గరకు పోవద్దని చుట్టాలు అంటున్నారు.
– గుంటూరు

జవాబు: వంట చేసుకోవచ్చు, గిన్నె సంగతి మాత్రం చూసుకోవాలి. ఈ పొయ్యి పనిచేసేది 50 హెర్ట్జ్ మీద కాదు, సెకనుకు 20 వేల సార్లకు పైగా మారే క్షేత్రం మీద. పైనున్న ఇనుప అడుగే ఆ క్షేత్రాన్ని మింగి వేడెక్కుతుంది. అడుగు చిన్నదైనా, గిన్నె ఒక పక్కకు జరిగినా, అడుగు వంగి లేచి ఉన్నా మింగుడుపడని క్షేత్రం పక్కలకు చిమ్ముతుంది. కనుక గుండ్రటి గీత నిండేంత చదును అడుగున్న గిన్నె వాడండి, దాన్ని సరిగ్గా మధ్యలో పెట్టండి. పొట్ట పొయ్యి అంచుకు ఆనకుండా జానెడు ఎడం ఉంటే క్షేత్రం బాగా తగ్గుతుంది. ఉక్కు గరిటె బదులు చెక్క గరిటె మంచిది. పెసరట్టు వేసేటప్పుడు పెనం జరుగుతుంటుంది కనుక అప్పుడు పవర్ తగ్గించుకోండి.

ప్రశ్న: ఫోన్ వెనక అంటించే యాంటీ రేడియేషన్ స్టిక్కర్లు పనిచేస్తాయా?
– నిజామాబాద్

జవాబు: పనిచేయవు. సిగ్నల్‌ను నిజంగా అడ్డుకునేదైతే ఫోన్ టవర్‌ను అందుకోవడానికి ఇంకా ఎక్కువ శక్తితో ప్రసారం చేస్తుంది. డబ్బు పెట్టకండి.

ప్రశ్న: నాన్నగారికి ఈ మధ్యే పేస్‌మేకర్ పెట్టారు. ఇంట్లో ఏవి దూరంగా ఉంచాలి? మెడనొప్పికి అయస్కాంతాల పరుపు కొన్నాం, దాని మీద పడుకోవచ్చా?
– ఖమ్మం

జవాబు: ఆ పరుపు మీద పడుకోనివ్వకండి. ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలన్నిటిలో నిజంగా జాగ్రత్త అవసరమైనది మీ ఇంట్లోనే.

బలమైన అయస్కాంతం ఛాతీకి దగ్గరగా వస్తే పేస్‌మేకర్ గుండె లయను గమనించడం ఆపి, నిర్ణీత వేగంతో కొట్టుకుంటూ పోతుంది. డాక్టర్లు పరీక్షల్లో కావాలనే వాడుకునే ఏర్పాటది. షాక్ ఇచ్చే ఐసీడీ పరికరమైతే అయస్కాంతం ఉన్నంతసేపు షాక్ ఇవ్వడం మానేస్తుంది. అవసరమైన క్షణంలో ఇవ్వకపోతే ప్రాణానికే ముప్పు. 2021లో ఐఫోన్ 12ను ఛాతీ మీద ఉంచినప్పుడు ఒక ఐసీడీ అలా ఆగినట్టు వైద్య పత్రికలో వచ్చింది. ఇలాంటి పరికరాలున్నవారి కోసం నిపుణుల కమిటీ పెట్టిన హద్దు 0.5 మిల్లీటెస్లా, అంటే 500 మైక్రోటెస్లాలు. చిన్న నియోడైమియం అయస్కాంతం ఒకటి రెండు సెంటీమీటర్లలో దాన్ని సులువుగా దాటేస్తుంది. చేతి పొడవు దూరంలో దాని ప్రభావం దాదాపు ఉండదు.

అందుకని ఫోన్‌ను చొక్కా జేబులో పెట్టుకోవద్దనండి. ఫోన్, అయస్కాంత కవర్, ఇయర్‌ఫోన్ల డబ్బా పేస్‌మేకర్‌కు 15 సెంటీమీటర్ల దూరంలో, వైర్‌లెస్ చార్జర్ 30 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. ఫోన్ మాట్లాడేటప్పుడు పరికరం లేని వైపు చెవికి. ఇండక్షన్ పొయ్యికి 60 సెంటీమీటర్లు ఎడం. ఫ్రిజ్, మిక్సీ, టీవీ మామూలుగా వాడుకోవచ్చు. ఎంఆర్ఐ తీయాల్సి వస్తే పరికరం కార్డు తప్పకుండా చూపించండి. కొన్ని పరికరాలు దానికి అనువైనవి, కొన్ని కావు.

ఇంట్లో పిల్లలుంటే ఇంకొక మాట. చిన్న చిన్న అయస్కాంత గుండ్ల బొమ్మలు కొనకండి. రెండు మింగితే పేగు గోడకు అటొకటి ఇటొకటి అతుక్కుని పేగుకు చిల్లు పెడతాయి. మింగారన్న అనుమానం వచ్చినా ఏమీ తినిపించకుండా, నొప్పి కోసం ఎదురుచూడకుండా వెంటనే ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ప్రశ్న: ‘భద్రతా పరిమితి 200 మైక్రోటెస్లాలు’ అని విద్యుత్ అధికారులు, ‘0.4 దాటితే ప్రమాదం’ అని యూట్యూబ్ వాళ్లు. ఎవరు అబద్ధం చెబుతున్నారు?
– ఒక ఉపాధ్యాయుడు, కరీంనగర్

జవాబు: అంకెలు రెండూ ఉన్నవే, కానీ అవి రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. మారే క్షేత్రం ఒంట్లో చిన్న కరెంట్లను పుట్టిస్తుంది. క్షేత్రం చాలా బలంగా ఉంటే నరాలు ఉత్తేజితమై కంటి ముందు మెరుపులు కనిపిస్తాయి. ఇది ప్రయోగాల్లో తేలిన ప్రభావం. దానికి బాగా దిగువన, ప్రజలకు 200 మైక్రోటెస్లాలని అంతర్జాతీయ కమిటీ ఐసీఎన్ఐఆర్‌పీ 2010లో హద్దు పెట్టింది, అంతకుముందు అది 100. 0.4 అలాంటి హద్దు కాదు. పిల్లల లుకేమియా గణాంకాలను విడదీయడానికి పరిశోధకులు గీసుకున్న గీత. ఇంటి మూలలో 2 మైక్రోటెస్లాలు చూపించి ‘ఐదు రెట్లు ప్రమాదం’ అనడం తప్పు. 200 లోపు ఉంది కనుక అధ్యయనాలు చదవాల్సిన పనే లేదనడమూ సరికాదు.

వార్తలో మూడు విషయాలు వెతకండి: ఎంత దూరంలో కొలిచారు, ఎంతసేపటి సగటు, ఎన్ని కేసులు. హెయిర్ డ్రయర్‌ను 3 సెంటీమీటర్లలో కొలిస్తే 2,000 మైక్రోటెస్లాల దాకా రావచ్చు. 30 సెంటీమీటర్లకు అది 7 లోపుకు పడిపోతుంది, మీటరు దూరంలో 0.03 మించదు. దూరం చెప్పకుండా ఏ అంకెనైనా చూపించవచ్చు.

భయమే మనిషిని బాధపెట్టగలదని 2013లో లండన్ పరిశోధకులు ఒక ప్రయోగంలో చూశారు. 147 మందిలో సగంమందికి వైఫై ప్రమాదాల మీద టీవీ కథనం, మిగతావారికి వేరే చిత్రం చూపించి, తర్వాత అందరికీ వైఫై సిగ్నల్ ఇస్తున్నామని చెప్పి ఏ సిగ్నలూ ఇవ్వలేదు. అయినా సగానికి పైగా మంది తలనొప్పి, చిమచిమల వంటివి చెప్పారు. భయపెట్టే కథనం చూసినవారిలో ముందే ఆందోళన ఎక్కువ ఉన్నవారికి బాధ మరీ ఎక్కువైంది. వాళ్లు నటించలేదు, బాధ నిజంగానే కలిగింది. అందుకే ఇలాంటి కథనాలు ప్రసారం చేసేవారి బాధ్యత చాలా పెద్దది.

ప్రశ్న: మా స్థలం మీదుగా 33 కేవీ లైన్ పోతోంది. పక్కన 132 కేవీ టవర్ లైన్. రెండో అంతస్తు వేస్తే క్షేత్రం ఎక్కువవుతుందా?
– ఒంగోలు

జవాబు: క్షేత్రం కొంచెం పెరుగుతుంది. మీరు చూసుకోవాల్సింది మాత్రం దాన్ని కాదు, తీగ ఎంత దగ్గరకు వస్తుందన్నదాన్ని. లైన్ల కింద ప్రాణాలు పోయేది షాక్‌తో. 132 కేవీ తీగను తాకనే అక్కర్లేదు, ఇనుప చువ్వ చాలినంత దగ్గరకు వస్తే కరెంటు గాల్లోంచే దూకుతుంది.

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల ప్రకారం 11 కేవీ లైన్‌కు కట్టడం పైభాగం నుంచి నిలువుగా 3.7 మీటర్లు, పక్కకు 1.2 మీటర్లు ఖాళీ ఉండాలి. 33 కేవీకి నిలువుగా 3.7, పక్కకు 2 మీటర్లు. ఆపై ప్రతి 33 కేవీకి 0.3 మీటర్ల చొప్పున రెండూ పెరుగుతాయి. 132 కేవీకి లెక్క వేస్తే నిలువుగా 4.6, పక్కకు 2.9 మీటర్లు. ఈ దూరాలను ఈ రోజు తీగ ఉన్న చోటు నుంచి కాక, ఎండకు, లోడుకు బాగా సాగి కిందికి దిగినప్పటి స్థానం నుంచీ, గాలికి మీ వైపు ఊగినప్పటి స్థానం నుంచీ చూడాలి. డిసెంబరు ఉదయం కొలిచి సరిపోయిందనుకుంటే మే మధ్యాహ్నానికి సరిపోకపోవచ్చు. ఇవి కనీస దూరాలు. 132 కేవీ లైన్‌కు వదలాల్సిన దారి మొత్తం వెడల్పు 27 మీటర్లు, అంటే మధ్య గీత నుంచి ఇటు పదమూడున్నర, అటు పదమూడున్నర.

పిట్టగోడ, నీళ్ల ట్యాంకు, మెట్లగది పైకప్పు, రేపు వేయబోయే రేకుల షెడ్డు అన్నీ ఎత్తులో కలపండి. తీగ ఎత్తును కర్రతో గానీ టేపుతో గానీ కొలవకండి. లేజర్ మీటర్ కూడా సన్న తీగ మీద నమ్మకంగా నిలవదు, ఆ పని శాఖ సిబ్బందితోనే చేయించాలి. 33 కేవీ లైన్ డిస్కమ్‌ది, 132 కేవీ ట్రాన్స్‌కోది కనుక రెండు కార్యాలయాల్లో విడివిడిగా దరఖాస్తు ఇవ్వాలి. 33 కేవీ లైన్‌ను మీ ఖర్చుతో పక్కకు జరపమని అడగవచ్చు. సెంట్రింగ్ కట్టకముందే ఈ పని కావాలి, ఎందుకంటే అసలు ప్రమాదం ఉండేది ఇల్లు పూర్తయ్యాక కాదు, కడుతుండగా. 12 మీటర్ల చువ్వను మేడ మీదికి నిలువుగా ఎత్తేటప్పుడు, స్లాబ్ రోజు కాంక్రీటు లిఫ్ట్ నిలబెట్టేటప్పుడు, పైపు తిప్పేటప్పుడు కూలీలు చనిపోతున్నారు. లైన్ వైపు చువ్వలు ఎత్తనివ్వకండి, ఇంటికి అవతలి వైపు నుంచి ఎక్కించండి. స్లాబ్ రోజుకు 33 కేవీ లైన్ ఆపమని ముందుగానే లిఖితంగా కోరి, ఆపినట్టు లైన్‌మన్ స్వయంగా చెప్పాకే పని మొదలుపెట్టించండి.